పడమటి అద్దాలు

ఎదురు భవనం నాలుగో అంతస్తు బాల్కనీలో ఆ ముసలాయన మళ్లీ నిలబడ్డాడు.

చూపు ఇటే. ఈ బాల్కనీలో ఉన్న పాప ఉయ్యాల మీదే.

"నాకు భయమేస్తోందండీ," అంది పాప తల్లి.

"మన కొత్త అద్దాలు చూసి కుళ్లుకుంటున్నాడులే," అంటూ భర్త ఆఫీసుకు వెళ్లిపోయాడు.

పడమటి బాల్కనీని నేల నుంచి కప్పు దాకా అద్దాలతో మూయించారు. వెలుతురు నిండుగా ఉంటుంది, ఏసీ ఖర్చు సగమవుతుంది అన్నాడు అమ్మినవాడు. ఎండ ఏ వైపు నుంచి పడుతుందో అతడు అడగలేదు; వీళ్లూ ఆలోచించలేదు.

ఎదురు బాల్కనీకి మాత్రం ఒట్టి చట్రమే ఉంది. అద్దాల్లేవు.

ఆ మధ్యాహ్నం ముసలాయన చేతులూపాడు. ఏదో తెరవమన్నట్టు సైగ చేశాడు.

 ఆమె అద్దాల తలుపులన్నీ మూసి గడియలు పెట్టింది. ఆయన చూపు పడకుండా ఉయ్యాల మీద దుప్పటి కప్పింది. లోపలికొచ్చి, గదిలోని ఏసీ చల్లదనం పోకుండా, అలవాటుగా, బాల్కనీ తలుపు కూడా జరిపి మూసేసింది.

కాసేపటికి వీధి తలుపు దబదబా మోగింది.

"తలుపు తియ్యమ్మా. పాపని బయటికి తీసుకురా."

తలుపు కన్నంలోంచి చూసింది. ఆయనే. కాళ్లకు చెప్పుల్లేవు.

వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది.

"పద తాతా, పద. పగటిపూటే తాగడం మొదలెట్టావా?" అన్నాడు పైకొచ్చిన వాచ్‌మన్.

"నన్ను తర్వాత తిట్టుకో నాయనా. ముందు ఆ అద్దాలు తెరిపించు."

"తెరిపిస్తే ఏం చేస్తావు, బట్టతల దువ్వుకుంటావా?"

మెట్ల మీద పెనుగులాట. ఏదో పడ్డ చప్పుడు. తర్వాత మాటల్లేవు.

ఆమె ఊపిరి పీల్చుకుని పాపను చూడబోయింది.

బాల్కనీ తలుపు తీయగానే సెగ ముఖాన కొట్టింది. దుప్పటి లాగేసింది. పాప ఎర్రగా కందిపోయి, మెడ వాల్చేసి ఉంది. ఒంటిమీద చెమట చుక్క లేదు.

పాపను ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. తడిపింది, గాలి విసిరింది, పిలిచింది. ఎంతసేపటికో సన్నని ఏడుపు వినబడింది.

సాయంత్రం ఆస్పత్రి నుంచి పాపతో తిరిగొస్తూ గేటు దగ్గర ఆగింది.

"ఆయనేడీ?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు. "నేను తొయ్యలేదమ్మా, కాలు జారింది. తలకి దెబ్బ. అంబులెన్సు వచ్చేసరికే పోయాడు."

"ఆయనవాళ్లకి చెప్పారా?"

"చెప్పడానికెవరున్నారమ్మా? నిరుడు ఎండల్లో ఉయ్యాల్లో ఉన్న మనవరాలి కోసం వాళ్ల బాల్కనీ అద్దాలు ఆయనే చేతుల్తో పగలగొట్టాడంట, అప్పటికే ఆలస్యమైందంట."