అరటిగెల రాయబారం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా, వరాలూ, నాకు మిగిలిన రెండు పళ్ళూ రాలిపోవాలి!

కూనకు దగ్గు పట్టుకుందని, తేనెటీగలను చెంచాడు తేనె అడగడానికి ఎలుగుబంటి బయల్దేరింది. "ఉత్తచేతులతోనా మామా? ముగ్గిన అరటిగెల పట్టుకెళ్ళు, మురిసిపోతాయి" అంది మహాజ్ఞాని కోతి.

తేనెటీగ కుట్టినప్పుడు వచ్చే వాసన అచ్చం అరటిపండుదే. అది సోకితే పట్టంతా యుద్ధానికి లేస్తుంది. పైగా గెల భుజానేసుకుని వెళ్ళిన మన ఎలుగు పెద్దమనిషి మర్యాదగా చెయ్యి కూడా ఊపాడు! కోటి తేనెటీగలు దిగాయి. ముక్కు వాచి వాచి సగం అడవికి నీడపట్టింది. గెల పడేసి, తేనె లేకుండానే కూన దగ్గరికి పరుగెత్తాడు పాపం.

అంతా సద్దుమణిగాక కోతి చెట్టు దిగి, ఆ గెలలో పండు ఒలుస్తూ, మామ పరుగెత్తిన వైపు చూసి జాలిపడింది. "చెయ్యెందుకు ఊపావు మామా? వాటికి కోపం రాదూ!"

సరేగాని వరాలూ, పెరట్లో తేనెపట్టు పక్కన గెల ముగ్గింది. నాలుగు పళ్ళు కోసుకురా తల్లీ. చెయ్యి మాత్రం ఊపకేం!