రెండు కుడిచేతులు

"చచ్చాం వదినా! ఇది చెయ్యా, మంచమా?"

మరిది కంప్యూటర్ ముందు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వడా మరి! వదిన డిజైన్ చేసిన కృత్రిమ చెయ్యి ఆమె సాఫ్ట్‌వేర్‌లోంచి అతని త్రీడీ ప్రింటరు సాఫ్ట్‌వేర్‌లోకి దిగేసరికి ఇరవై అయిదు రెట్లు పెరిగిపోయింది. అక్కడ మిల్లీమీటర్లు, ఇక్కడ అంగుళాలు. ఎవరూ చెప్పకపోతే దానికేం తెలుసు పాపం!

"నవ్వింది చాల్లే. టైమెంతయింది?"

"పదకొండున్నర. మధ్యాహ్నం పన్నెండుకల్లా ప్రింటరు మొదలవ్వాలి. ఇరవై గంటలు ప్రింటింగు, ఆపైన నునుపు చెయ్యాలి, పట్టీలు బిగించాలి. లేటైతే రేపటికి చెయ్యీ లేదు, గియ్యీ లేదు."

రేపు సాయంత్రం క్లయింటు కూతురు మొదటిసారి స్టేజీ ఎక్కుతోంది. నాటకంలో ఒకే ఒక్క డైలాగట. అది వినగానే ఆవిడ చప్పట్లు కొట్టాలట. అందరిలాగా, రెండు చేతులతో. "అంతకుమించి ఆవిడ ఇంకేం అడగలేదు," అంది వదిన.

"అబద్ధం! గోళ్ళు కోలగా ఉండాలని మూడుసార్లు మార్పించింది," అన్నాడు మరిది. "అంత తిక్క మనిషిని ఎక్కడా చూళ్ళేదు."

"ఆవిణ్ణి ఇంకొక్క మాటన్నావో, చూడు మరి!"

"అబ్బో, ఎంత ప్రేమో!"

వదిన కొలతలు మార్చింది. మౌస్ వదిలి కీబోర్డు, కీబోర్డు వదిలి మౌస్. మంచం కాస్తా చెయ్యయి కూర్చుంది. ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు.

అంతలో వదిన తన కుడిచెయ్యి స్క్రీన్ పక్కన పెట్టి చూసి కెవ్వుమంది.

"బొటనవేలు ఇటు పక్కనుందేంటి? ఇదీ కుడిచెయ్యే!"

క్లయింటుకి లేనిది ఎడమచెయ్యి. ఉన్న కుడిచేతిని స్కాన్ చేసి, అద్దంలో బొమ్మలా తిప్పి ఎడమచెయ్యి చేశారు. తీరా ఫైలు ఇటు వచ్చింది గానీ, ఆ తిప్పడం మాత్రం పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఉండిపోయింది.

"పోన్లే వదినా, రెండు కుడిచేతులుంటే పనులు చకచకా అయిపోతాయి."

"నోర్ముయ్! టైము చెప్పు!"

"పదకొండూ యాభై!"

మళ్ళీ పాత సాఫ్ట్‌వేర్‌. మళ్ళీ తిప్పడం. ఈసారి ఆ తిప్పిన రూపాన్నే ఖాయం చేసి పంపింది. బొటనవేలు బుద్ధిగా ఇవతలికొచ్చింది. పన్నెండుకి ఇంకో రెండు నిమిషాలున్నాయనగా మరిది ప్రింటరు మీట నొక్కి, గది చుట్టూ గంతులే గంతులు. వదినకి నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

మర్నాడు మధ్యాహ్నానికి చెయ్యి సిద్ధం. సాయంత్రం హాల్లో తెర లేచింది. పాప ముందుకొచ్చి, భయం భయంగా చూసి, తన డైలాగు గడగడా అప్పజెప్పేసింది.

ముందు వరుసలో మరిది పక్కన కూర్చున్న వదిన, తన ఎడమ మోచేతికి తొడుక్కున్న ఆ కొత్తచేతిమీద కుడిచేత్తో ఫట్ ఫట్‌మని చప్పట్లు కొడుతూ, "నా తల్లే!" అని హాలంతా వినబడేలా అరిచింది.