తుపాకీ వయసు

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది ఐదుగురు. గాలి తుపాకీ అమ్మేయాలని చూస్తున్న ఓబులేసు తాత. ఆ డబ్బుతో కారే రేకులు మార్పించాలని చూస్తున్న సిద్దమ్మవ్వ. తుపాకీ కొనడానికి కర్నూలు నుంచి వచ్చిన కంబన్న. ఒకటో తారీఖు పింఛను ఇవ్వడానికొచ్చి, తాత వేలిముద్ర మిషను మీద ఎంతకీ పడక కూర్చుండిపోయిన సచివాలయం ఉద్యోగి లక్ష్మీప్రియ. ఐదోది మనవరాలు హర్షిణి. తలుపు పక్కన నిలబడింది కాబట్టి ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అది ఆమెకు కొత్త కాదు. బడిలో ఆమె "ప్రెజెంట్ సార్" అంటే ఆమెకే వినపడదు. ఒక్కరోజూ బడి మానకపోయినా పదో తరగతిలో ఆమె హాజరు అరవై శాతం. అలాంటి పిల్లకు చేతనైన పని ఒక్కటే. ఓర్వకల్లు గుట్ట మీద బండపై సోడా మూతలు పేర్చి, ఇరవై అంగల దూరం నుంచి ఆ తుపాకీతో ఒక్కొక్కటే పడగొట్టడం. తుపాకీ పోతే అదీ పోతుంది.

"పాతదైతే పదైదు వేలు," అన్నాడు కంబన్న, తుపాకీని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "డెబ్బై ఐదుకు ముందు చేసిందైతేనే పాతది. తర్వాతదైతే నాకొద్దప్పా. అట్లాటివి జాతరలో బుడగలు కొట్టించేవాళ్ళ దగ్గర శానా ఉండాయి."

"ముందుదే కంబన్నా. మా నాయన కొత్తది కొనకొచ్చినాడు. అట్టపెట్టె విప్పింది నేనే. నాకప్పుడు పదేండ్లు."

"ఏ సంవత్సరం?"

"డెబ్బై ఒకటి," అన్నాడు తాత తడుముకోకుండా.

"ఇంకోసారి బొటనవేలు పెట్టు తాతా," అన్నది లక్ష్మీప్రియ. తాత వేలు పంచెకు తుడుచుకుని పెట్టాడు. మిషను ఎర్రగా వెలిగింది గానీ ఒప్పుకోలేదు.

కంబన్న జేబులోంచి నోట్లు తీశాడు. హర్షిణి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది.

"కాదు" అని వినపడింది. ఎవరన్నారా అని అందరితోపాటు తనూ చుట్టూ చూసింది. అన్నది తానే.

ఇక ఆగలేదు. స్క్రూడ్రైవరు తెచ్చి రెండు మరలు విప్పింది. కొయ్యను పక్కకు తీసి, ఇనుప గొట్టం అడుగున ఉన్న సన్నటి అంకెలు చూపించింది.

"సున్నా నాలుగు, ఎనభై ఒకటి. చూడన్నా. నెల, సంవత్సరం. కంపెనీవాళ్ళు కొయ్య కింద కొడతారంట. నూనె ఏసేటప్పుడు చూసి నెట్‌లో ఎతికినా. ఎనభై ఒకటి ఏప్రిల్‌లో చేసింది ఇది."

కంబన్న ఫోను లైటు వేసి చూశాడు. నోట్లు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"పాప చెప్పిందే కరెక్టు. ఏం ఓబులేసన్నా, పెట్టె విప్పింది, పదేండ్లు అన్నది, అన్నీ ఇట్లాటియ్యేనా?"

అబద్ధాలకోరు అనిపించుకోవడం తాతకు గిట్టలేదు. "సంవత్సరం మర్చిపోయింటా గానీ, అహోబిలం సామి మీద ఒట్టు. కొత్త పెట్టె విప్పేనాటికి నాకు సరిగ్గా పదేండ్లు."

"అదే ఎనభై ఒకటి," అన్నది హర్షిణి. పుట్టి పదిహేనేళ్ళయినా ఒక్క పూటలో ఇన్ని మాటలు ఎన్నడూ ఆడలేదు.

కంబన్న బండి వీధి మలుపు తిరిగింది. హర్షిణి మరలు బిగించి తుపాకీని గుండెలకు హత్తుకుంది. నోరున్నవాళ్ళదే రాజ్యమని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నోరు దాచుకుని ఎంత నష్టపోయిందో అనుకుంది.

మిషను కుయ్‌మంది. తాత వేలిముద్ర పడింది. లక్ష్మీప్రియ మాత్రం డబ్బు తీయలేదు. ఫోనులోకి చూస్తూ వేళ్ళు మడుస్తున్నది.

"ఎనభై ఒకటిలో పదేండ్లంటే, ఇప్పటికి యాబై నాలుగు. ఈడ అరవై నాలుగని ఉండాది. అరవై నిండందే ముసలోళ్ళ పింఛను రాదు గదా తాతా?"

సిద్దమ్మవ్వ లేచి, మనవరాలి భుజం పట్టుకుని, తుపాకీతో సహా గడప దాటించింది.

"తుపాకీ నీకే పో. రేపట్నుంచి మీ తాతకు కూడు గూడా నువ్వే పెట్టు," అని తలుపు మూసింది.