భద్రాచలం టికెట్

సైదమ్మ వైఫై బాక్సును తెచ్చి వెంకటప్పయ్య టేబుల్ మీద ఠక్కున పెట్టింది. పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టిన బాక్సు అది. నెల కిందట తండాకు వచ్చిన రోజున, కొత్త ట్రాక్టరుకు పెట్టినట్టే దానికీ పెట్టింది.

"నీ డబ్బా నువ్వే ఉంచుకో సారూ," అంది.

ములకలపల్లి చుట్టుపక్కల తండాలకు నెట్ ఇచ్చేది వెంకటప్పయ్య ఒక్కడే. ఆఫీసు అంటే ఆయన ఇంటి ముందుగది. గుమ్మం అవతల ఆయన భార్య హైమ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చేతులు కాయల మీద, చెవులు ముందుగదిలో.

సైదమ్మ మనవరాలు పుష్పకు పది రోజుల్లో నర్సు ఉద్యోగం పరీక్ష. అడవి అంచున తండా, సెల్లుకు సిగ్నల్ అందదు. పాఠాలన్నీ నెట్‌లో వీడియోలే. పాఠం పెడితే తెర మీద చక్రం గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది. సినిమా పెడితే మాత్రం మంచినీళ్లలా వస్తుంది.

అది బాక్సు తప్పు కాదని వెంకటప్పయ్య ఓపిగ్గానే చెప్పాడు. తండాలకిచ్చే బాక్సుల్లో ఆయన సొంత సినిమాల యాప్ ఒక్కటే వేగంగా వస్తుంది. మిగతావన్నీ నెమ్మది. అలాగే పెట్టించాడు. పాఠాలు కావాలంటే తన ఇంట్లో ఉన్నటువంటి పెద్ద ప్యాకేజీ బాక్సు తీసుకోవాలి.

"సినిమాలు బాగానే వస్తున్నాయి కదా. చూసుకోండి హాయిగా," అన్నాడు.

సైదమ్మ బాక్సును ఆయన వైపు నెట్టింది.

"భద్రాచలం టికెట్ కొన్నంక, గుడికి పోయేటోళ్లను కూసోబెడ్త, దవాఖానకు పోయేటోళ్లను నిలబెడ్త అంటడా సారూ కండక్టరు? దిగినంక ఏడికి పోతే ఆయనకేంది?"

జవాబు తోచనప్పుడు మగవాళ్లు ఫోను చూసుకుంటారు. వెంకటప్పయ్య ఖమ్మం మార్కెట్లో మిర్చి ధర చూసుకున్నాడు, పొద్దున్నుంచి పదోసారి. నాలుగెకరాల మిర్చి కళ్లంలో ఎండుతోంది మరి.

సైదమ్మ బాక్సును అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. హైమ లేచి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇళ్లకు నెట్ బిగించే లైన్‌మన్ బలరాం రేపు పొద్దున వస్తే ఏం చెయ్యాలో తను చెబుతానంది. వెంకటప్పయ్య తలూపి అన్నానికి లేచాడు.

మర్నాడు ఆయన కళ్లం నుంచి తిరిగొచ్చేసరికి సైదమ్మ ఆఫీసులో నవ్వుతూ నిలబడి ఉంది. చేతిలో తేనె సీసా.

"నీ కడుపు సల్లగుండ సారూ. పొద్దున బలరాంతోని వేరే డబ్బా పంపినవ్. మా పుష్ప అప్పటిసంది పాఠాల్లకెల్లి తల ఎత్తుతలేదు."

తను ఏమీ పంపలేదని చెప్పడానికి వెంకటప్పయ్య నోరు తెరిచాడు. కానీ ఆఫీసులో మరో ఇద్దరు కస్టమర్లు వింటున్నారు.

"ఆడపిల్ల చదువు కదా సైదమ్మా," అని తేనె సీసా అందుకున్నాడు.

అందరూ వెళ్లాక కుర్చీలో వెనక్కి వాలి, మంచి పని చేసినవాడి ముఖం పెట్టుకుని, మిర్చి ధర కోసం ఫోను తీశాడు. తిరుగుతోంది. మళ్లీ నొక్కాడు. ఇంకా తిరుగుతోంది.

"హైమా, మన నెట్‌కు ఏమైంది?"

హైమ కాయల పళ్లెంలోంచి తలెత్తలేదు.

"సినిమాలు బాగానే వస్తున్నాయి కదండీ. చూసుకోండి హాయిగా."

వెంకటప్పయ్య మెల్లగా గోడకున్న బాక్సు వైపు తిరిగాడు. పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది, మూడు కుంకుమ బొట్ల కింద.