పొలిమేర వరకే

"ఆ రోకలి కిందికి దించండి!"

ఆటో దిగీ దిగకముందే అంజినమ్మ అరిచిన అరుపుకు పాట ఆగిపోయింది. గుమ్మఘట్ట పక్కనున్న ఆ ఊర్లో పదిమంది ఆడవాళ్లు పొద్దున్నే బయలుదేరారు. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ తడిగుడ్డలో కప్పను కట్టి, ఇంటింటికీ తిరిగి దాని మీద నీళ్లు పోయిస్తూ వాన అడుగుతున్నారు. రోకలికి ఒక కొస పట్టుకున్నది అంజినమ్మ సొంత వదిన చిన్నక్క.

"ఏమొచ్చింది నీకు అంజినమ్మా? పుట్టింటికి కయ్యానికి వచ్చినావా?"

"కయ్యానికే. కణేకల్లో మా కల్లం నిండా మిరపకాయ ఆరబోసుకోని ఉండాము. ఇంకా నాలుగు దినాలు ఎండితే గానీ సంచులకు ఎత్తలేము. మీరేమో ఈడ కప్పను కడతాండారని నిన్ననే తెలిసింది. మార్చిలో యా ఊర్లోనైనా కప్పను కడతారా?"

"మార్చిలో యా ఊర్లోనైనా ఇట్ల ఎండలు కాస్తాయా?"

చిన్నక్క మాటా నిజమే. నెల సగం కాకముందే ఎండ నలభై దాటింది. కార్తీకం తర్వాత ఆ ఊరి మీద చుక్క రాలలేదు. చిన్నక్క తోటలో చీనీచెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఆకు ముడుచుకొని పిందె రాల్చేస్తున్నాయి. బోరు పావుగంట నీళ్లు పోసి, మిగతా పొద్దంతా గాలి కక్కుతోంది. మిగిలిన ఆశ ఈ కప్ప ఒక్కటే. ఆ కరువులో కప్ప దొరకడమే గగనమై, దాన్ని కూడా పక్క ఊరి నీళ్లతొట్టి కింద నుంచి పట్టుకొచ్చారు.

అంజినమ్మ కష్టమూ తక్కువది కాదు. కౌలు నేలలో మొగుడూ పెళ్లాం నడుములు విరగ్గొట్టుకొని పండించిన ఏడాది పంట ఇప్పుడు ఆకాశం కింద పరుచుకొని ఉంది. ఒక్క వాన తగిలితే కాయ నల్లబడి బూజు పడుతుంది, ఏ వ్యాపారీ ముట్టడు. మబ్బులేమో నిలకడలేనివి. వారం రోజులుగా ఒక ఊర్లో వడగళ్లు పోసి, పక్క ఊర్లో దుమ్ము లేపి పోతున్నాయి. ఫోనుకు పిడుగుల మెసేజి వచ్చినప్పుడల్లా ఆమె కల్లంలోకి పరిగెత్తి ఆకాశం చూసేది.

"అన్న యాడ? అన్ననే అడుగుతా."

"సద్ది కట్టుకోని తోటకు పోయినాడు. సాయంత్రానికి గానీ రాడు. నన్నే అడుగు."

"నాలుగే నాలుగు దినాలు ఆపండి వదినా. ఐదో దినం నేనే వచ్చి రోకలి మోస్తా."

"నాలుగు దినాలకు నా చెట్లు పొయ్యిలోకి వస్తాయి. బిడ్డల మాదిరి సాకినా. మిరపకాయ పోతే మళ్లా ఏటికి వేసుకుంటావు. చెట్టు పోతే మళ్లా కాపుకు ఎన్నేండ్లు?"

"అందుకని నా కొంప ముంచుతావా?"

"నీ కొంప మునిగేంత వానొస్తే, ముందు నా బోరు మునగనీ తల్లీ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. అందరిలోకి పెద్దది మారెక్క మధ్యలోకి వచ్చింది.

"మీ అరుపులకు కప్ప సచ్చేతట్టుంది. కట్టినాంక ఊరకే విప్పితే ఊరికి మంచిది కాదు. అంజినమ్మా, నువ్వు ఈ ఊరి ఆడబిడ్డవి. నీ చేత్తోనే నీళ్లు పొయ్యి. మన పొలిమేర వరకే వాన అడుగు. ఆడబిడ్డ మాట దేవుడు తీసేస్తాడా?"

అంజినమ్మ వదిన ముఖం చూసింది. ఎండకు కమిలిపోయి ఉంది, పెదాలు పగిలాయి. కోపం పోయి జాలేసింది. చెంబు అందుకుంది.

"సామీ, నీ కాడుండే వానంతా మా అన్న ఊరి మీదనే కుమ్మరించు. ఒక్క చుక్క మిగిలించుకోవద్దు. కణేకల్ దిక్కు మాత్రం తొంగి గూడా చూడొద్దు!"

చెంబెడు నీళ్లూ కప్ప మీద పోసింది. ఆడవాళ్లు మళ్లీ పాట ఎత్తుకున్నారు.

దేవుళ్లు మామూలుగా ఇంత తొందరగా వినరు. తిన్నాక పొమ్మని చిన్నక్క ఆపేయడంతో అంజినమ్మ ఇంకా అక్కడే ఉంది. నాలుగు గంటలకు పడమట నల్లటి మబ్బు లేచింది. ఎర్రటి దుమ్ము ఊరిని కప్పేసింది. ఎవరింటిదో రేకు ఎగిరి వీధిలో పడింది. ఎక్కడో పిడుగు పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే వాన, బిందెలతో కుమ్మరించినట్టు వాన. చిన్నక్క వీధి మధ్యలో నిలబడి తడుస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"వచ్చింది అంజినమ్మా! నీ మాటకే వచ్చింది!"

అంజినమ్మ వసారాలో నిలబడి మొగుడికి ఫోన్ చేసింది. మొదటిసారి కలవలేదు. రెండోసారి ఓబిలేష్ పలికాడు.

"యోవ్, ఆడ వాన పడతాండాదా?"

"యాడ వాన? ఎండ పెళపెళ కాస్తాండాది."

అంజినమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వాన తమ కల్లాన్ని వదిలేసింది. వదిన చెట్లూ బతికాయి, తన కాయా బతికింది. చూరు నుంచి కారే నీళ్లు దోసిట్లో పట్టి ముఖం కడుక్కుంది. మనసారా దేవుడికి దండం పెట్టుకుంది.

"కాయ ఎట్లుండాది?" అని అడిగింది, ఊరికే, వినాలనిపించి.

"కాయకేమి, నువ్వు దిగులు పడొద్దు. నువ్వు పోతానే కణేకల్‌కు వడగండ్ల వాన అని మెసేజి వచ్చింది. నీకు చేస్తే ఫోను తగల్లేదు. చినుకు పడని ఊరు మీ అన్నది ఒక్కటే కదా అని, కాయంతా ట్రాక్టరుకు ఎత్తి ఆడికే తోలినా. మధ్యాన్నమే మీ అన్న తన తోట కాడ బండ మీద ఆరబోసినాడంట!"