ఓటీపీ ఆంటీ

"ఈ ఏడు కూడా పాస్‌వర్డ్ మర్చిపోయావా నాన్నా?"

ఆమోసు తల గోక్కున్నాడు. "వయసు మీద పడుతోంది కదమ్మా."

ఏంజెల్ విసుక్కుంటూ లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. శనివారం తన పెళ్లి. ఆలోగా నాన్న ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసేసి వెళ్లాలి. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. తనకి ఊహ తెలియకముందే అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. అమ్మ మాట ఎత్తితే నాన్న కిటికీ వైపు తిరుగుతాడు. అందుకే ఎత్తదు.

కొత్త పాస్‌వర్డ్‌కి ఓటీపీ కావాలి. అది వెళ్లేది ఎవరో ఒకావిడ పాత నంబరుకి.

"మొదట్లో నా రిటర్న్ ఆవిడే వేసేవారు. ఆ నంబరే ఉండిపోయింది," అనేవాడు ఆమోసు.

ఎవరో ఆఫీసావిడ అనుకుంది ఏంజెల్. ఫోన్‌లో 'ఓటీపీ ఆంటీ' అని పెట్టుకుంది. ఏడాదికోసారి ఒక ఫోన్, ఒక థాంక్యూ. అంతే.

నాన్న టీ పెట్టడానికి వెళ్లాడు. బెంజ్ సర్కిల్ హారన్లు వినపడకుండా తలుపు మూసి, ఫోన్ కలిపింది.

ఒక్క రింగుకే ఎత్తింది ఆవిడ.

"ఏంజెలేనా? బాగున్నావామ్మా? తిన్నావా?"

"తిన్నానాంటీ. ఓటీపీ వచ్చిందా? తొందరగా చెప్పండి, టైమైపోతుంది."

ఆవిడ ఒక్కో అంకె నిదానంగా చెప్పింది. "ఇంకోసారి చెప్పనా?"

"వద్దాంటీ, అయిపోయింది. ఇక్కడ నా నంబరే పెట్టేస్తున్నా. నాకు పెళ్లి. ఇకమీదట మీకీ గోలుండదు."

ఏంజెల్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"ఆంటీ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. అబ్బాయి మంచివాడేనా?"

"మంచోడే. వాళ్లది కంకిపాడు. కాస్త వాగుడెక్కువ."

"వాగనీ తల్లీ. మాటల్లేని ఇల్లే కష్టం."

ఏంజెల్ నవ్వింది. "ఒక్క డౌటాంటీ. పెళ్లయ్యాక ఇద్దరం కలిపి రిటర్న్ వెయ్యాలా?"

"లేదమ్మా. పెళ్లయినా, విడిపోయినా ఎవరిది వాళ్లదే."

"మరి పాన్ కార్డులో ఇంటిపేరు?"

"ఇష్టమైతే మార్చుకో. నాన్నగారి పేరు మాత్రం అలాగే ఉంటుంది. పెళ్లిరోజు తల్లో మల్లెలు పెట్టించుకోకు. నీకు పడవు, తుమ్ముతూనే ఉంటావు."

"సరే సరే. పెళ్లికి రండి మరి."

"నేనెందుకులేమ్మా. ఈ సిమ్ము దీనికోసమే ఉంచుకున్నాను. ఇక తీసేస్తాను. చల్లగా ఉండు."

ఆమోసు టీ తెచ్చేసరికి రిటర్న్ వెయ్యడం అయిపోయింది.

"నంబరు కూడా మార్చేశా నాన్నా. ఇక నువ్వు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మర్చిపోయినా పర్లేదు."

గ్లాసు కింద పెట్టబోయి, పెట్టకుండానే కూర్చుండిపోయాడు ఆమోసు.

"అవునూ, నాకు మల్లెలు పడవని ఆవిడకెలా తెలుసు?"

"ఒకసారి ఫోన్ చెయ్యమ్మా."

చేసింది. స్విచాఫ్.

మళ్లీ చేసింది. స్విచాఫ్.

"నేనెప్పుడూ పాస్‌వర్డ్ మర్చిపోలేదమ్మా," అన్నాడు ఆమోసు, కిటికీ వైపు తిరక్కుండా. "నీకు ఎదురుపడనని కోర్టులో మాటిచ్చింది. గొంతైనా విననిద్దామని..."

ఏంజెల్ మళ్లీ ఆ నంబరే నొక్కింది.

"రెండేళ్లప్పుడు నీకు మొదటిసారి మల్లెలు పెట్టి, నువ్వు తుమ్ముతుంటే భయపడి ఏడ్చేసింది, మీ అమ్మ."