దేని లెక్కా లేని బొమ్మ

మగ్గం ఆగితే పిల్లలు దొరికిపోతారు. అందుకే జమ్ములమ్మ పొద్దున్నుంచీ మగ్గం ఆపలేదు.

నిజానికి నేత ఆమె పని కాదు. ఆ ఇంట్లో ఆడవాళ్లు కండెలకు నూలు చుడతారు, అంతే. కానీ ఆ రోజు ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. అది గుంట మగ్గం. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి తొక్కాలి. ఆ గుంటలోనే, ఆమె కాళ్లకు ఆనుకుని ఇద్దరు పిల్లలు ముడుచుకు కూర్చున్నారు. ఏడేళ్ల కుబ్రా, ఐదేళ్ల బాబా. వెనకింటి గాజుల హైదర్ పిల్లలు.

నిజాం ప్రభుత్వం లొంగిపోయి వారం కాలేదు. గద్వాలలో రజాకార్లు రాత్రికి రాత్రే మాయమయ్యారు. వాళ్ల మీది కసి తీర్చుకోవడానికి కొందరికి వాళ్లే దొరకనక్కర్లేదు, గాజులమ్ముకునేవాడి ఇల్లయినా సరిపోయింది. హైదర్ సరుకుతో కల్వకుర్తి పోయి ఇంకా రాలేదు. పొద్దున గుంపు వస్తుంటే అతని భార్య మెహబూబీ పిల్లలను గోడ మీదుగా జమ్ములమ్మ చేతికి అందించింది. గుంపు తన వెంటే రావాలని ఎదురు సందులోకి పరుగెత్తింది. తర్వాత ఏమైందో తెలియదు.

చీకటి పడ్డాక, ఊళ్లో ఎడ్లబండి తోలే పెంటయ్య వెనక సందులోకి బండి తెస్తానన్నాడు. పిల్లలను చొప్ప కింద దాచి రాజోలిలో వాళ్ల అమ్మమ్మ దగ్గరికి చేరుస్తాడు. అందాకా వాళ్ల నోట మాట పైకి రాకూడదు. ఐదేళ్లవాడితో అది అయ్యే పనేనా?

కుబ్రా వస్తూ వస్తూ పలక, బలపం తెచ్చుకుంది. బొమ్మలు గీసుకొమ్మంది జమ్ములమ్మ. పిల్ల ఒక పిల్లిని గీసింది.

"గిది పిల్లా? మేక లెక్కుంది" అని బాబా కిసుక్కున నవ్వాడు. అక్క వాడి నెత్తిన ఒక్కటి మొట్టింది. వాడు ఏడవడానికి నోరు తెరిచాడు.

జమ్ములమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, వంగి గుసగుసగా చెప్పింది.

"పిల్లులొద్దు, మేకలొద్దు. ఏదీ దేని లెక్కా ఉండొద్దు. చప్పుడు గీయున్రి."

"చప్పుడుకు మొకముంటదా పెద్దమ్మా?"

"ఉండదు. గందుకే తప్పు గీసినవని ఎవ్వరూ అనరు. నీకెట్ల ఇనిపిస్తే గట్ల గీయి."

బాబా మగ్గం చప్పుడు గీశాడు. పలక నిండా పొట్టి గీతలే. కుబ్రా ఉల్లిగడ్డ ఘాటు గీసింది. అది తుడిచి అమ్మ వాసన గీసింది. గుండ్రంగా తిరుగుతూ ఎక్కడా ఆగని ఒకే గీత. ఇక కొట్లాట లేదు. తప్పు పట్టే వీలుంటే కదా!

పొద్దు వాలేసరికి వీధిలో కేకలు వినిపించాయి. గుంపు దగ్గరికి వచ్చింది. మూల మలుపు దగ్గర ఎవరి దారిన వాళ్లు విడిపోయారు. ఒక్కరి అడుగులు మాత్రం ఇటే వస్తున్నాయి. ఒక అడుగు బరువుగా, ఇంకోటి ఈడ్చుకుంటూ. ఎండాకాలంలో రజాకార్లు విరగ్గొట్టిన కాలు అది. ఆ నడక ఊరందరికీ తెలుసు. పొద్దున గుంపుకు ముందు నడిచింది ఆ కాలే.

జమ్ములమ్మ చూపు తలుపు మీదే ఉంది. చేతులు మాత్రం నేస్తూనే ఉన్నాయి.

గుంటలోంచి కుబ్రా పలక పైకి అందించింది. ఒక లావు మచ్చ, దాని వెనక ఒక పొడుగు గీత. మళ్లీ మచ్చ, మళ్లీ గీత. పలక అంచుకు వచ్చేకొద్దీ అవి పెద్దవవుతున్నాయి.

"గిదేంది బిడ్డా?"

"భయం."

పలక కిందికి ఇచ్చేలోపే తలుపు సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి గొళ్లెం తీసింది.

అతను లోపలికి వచ్చి చేతిలోని కట్టెను మూలకు ఆనించాడు.

"గొళ్లెమెందుకు పెట్టుకున్నవ్?"

"ఒక్కదాన్నే ఉన్న. భయమైంది."

"హైదర్ పోరగాండ్లు ఇటు గిట్ల వచ్చిన్రా?"

"రాలే."

"ఊరంత దేవులాడినం. యాడ దాసిన్రో." అతను మగ్గం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నువ్వెక్కినవేంది మగ్గం?"

"అంచు సగంల ఆగిపోయింది. ఊకె కూసోబుద్ధి గాలే."

అతని చూపు ఆమె ఒళ్లోని పలక మీద పడింది. తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గుంటలో బాబా ఆమె కాలి బొటనవేలిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఏందిది?"

"కొత్త అంచుకు నమూనా."

"నమూనానా? దేని లెక్కా లేదు."

అవి తన అడుగులేనని అతనికి తట్టలేదు. పలకను ఆమె ఒళ్లో పడేశాడు.

"చీకటైతుంది. మగ్గం దిగు."

ఆమె బాబా చేతిలోంచి కాలి వేలిని మెల్లగా విడిపించుకుంది. లేస్తూనే తను కూర్చున్న గోనెపట్టాను గుంట మీదికి లాగింది. పెళ్లయిన నాటినుంచీ రోజూ చేస్తున్నట్టే, కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చి మొగుడి చేతికిచ్చింది.